సీసం షెడ్డు నేల బాగు చేయించే పనిలో నా అనుభవం

మాది విజయవాడ ఆటోనగర్ దగ్గర కాలనీ. మా వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి ఏళ్ల తరబడి నడిచి మూతపడింది. సామానంతా పట్టుకుపోయారు, నేల మాత్రం అలాగే వదిలేశారు. దాని మీద గ్రావెల్ తోలి ప్లాట్లు వేస్తారని తెలియగానే మాకు టెన్షన్ మొదలైంది. సీసం ఎండకీ వానకీ పోయేది కాదు. పైమట్టిలోనే ఉండి, దుమ్ముతో ఇళ్లలోకి వస్తుంది. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. రక్తంలో ఇంత సీసం ఉన్నా పర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాం. కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జులైలో తెచ్చిన నిబంధనల్ని అందులో ప్రస్తావించాం. వాటి ప్రకారం జనం ఫిర్యాదు చేసినా ఆ చోటును అనుమానిత స్థలంగా నమోదు చేయాలి. 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆ తర్వాత వివరమైన సర్వే జరగాలి. ఖర్చు పాడుచేసినవాళ్లదే.

అర్జీ కంటే ముఖ్యమైనది మాలో మేం కూర్చుని ఏం కావాలో రాసుకోవడం. "బోరు నీళ్లు కూడా చూడమను బాబూ" అన్నారు పక్కింటి పిన్నిగారు. అప్పట్లో ఆ షెడ్డులో పనిచేసిన ఒకాయన చెప్పింది విన్నాక అందరం నోరు మూసుకున్నాం. యాసిడ్ ఎక్కడ పారబోసేవారో, సీసం కరిగించాక మిగిలే చిట్టెం ఏ గోడ పక్కన పూడ్చారో ఆయనకు తెలుసు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

పరీక్షకు మట్టి తీయడానికి వచ్చిన అధికారులు ముందు షెడ్డు మధ్యలో చాలన్నారు. "మాకో పద్ధతి ఉంటుందండీ" అన్నారు. "మీ పద్ధతిలోనే తీయండి సార్, ఈ గోడ పక్కన, ఈ సైడు కాలవలో కూడా తీయండి" అని ఆ షెడ్డులో పనిచేసినాయన్ని ముందు నిలబెట్టాం. తీశారు. సీసం ఎక్కువ కనబడింది గోడ పక్క మట్టిలోనే. బోరు నీళ్లు మాత్రం లీటరుకు 0.01 మిల్లీగ్రాముల హద్దు లోపలే ఉన్నాయి. దాంతో కొందరు ఇక చాల్లే అన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లలు ఆడేది మట్టిలో కదా!

రాత్రికి రాత్రే లారీల్లో మట్టి ఎత్తించేస్తామని స్థలం వాళ్లు రాజీకి వచ్చారు. ఎక్కడ పోస్తారంటే జవాబు లేదు. అది ఇంకో ఊరి పిల్లల ముంగిట్లోకి పోవడం మాకు ఇష్టం లేదు. ఇలాంటి వ్యర్థాలకు అనకాపల్లి జిల్లా పరవాడలో ఉన్నటువంటి ప్రత్యేక కేంద్రాలున్నాయి. అక్కడికే పంపాలని, పరదా కప్పిన లారీల్లో పగలే తీసుకెళ్లాలని, తవ్వేటప్పుడు నీళ్లు చల్లాలని రాసిచ్చాం. పరీక్ష ఫలితాలు తెలుగులో రాసి వార్డు సచివాలయం గోడకు అంటించాలని కూడా అడిగాం. అది చేశారు.

ఇప్పుడు వివరమైన సర్వే నడుస్తోంది. షెడ్డు చుట్టూ కంచె వేశారు. పిల్లలకు ఉచితంగా రక్తపరీక్షలు చేయించాలన్న మాటకు మాత్రం జవాబు రాలేదు. ఈసారి ఆ ఒక్క విషయం మీదే విడిగా అర్జీ రాస్తున్నాం. సంతకాలు పెట్టించే పని పిన్నిగారు తీసుకున్నారు.