పుక్కిలించవద్దన్న ఆ మొదటి రోజు

క్రింది దవడలో కుడివైపు పెద్ద పన్ను ఒకటి పీకించుకున్న ఏడాదిన్నరకు, ఆ ఖాళీలో ఇంప్లాంట్, అంటే పంటి వేరుకు బదులుగా దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, పెట్టించుకున్నాను. శస్త్రచికిత్స గురించి నేను పడిన భయమంతా వృథా అయింది. మత్తు సూది గుచ్చినప్పటి చురుకు తప్ప కుర్చీలో ఉన్నంతసేపూ నొప్పి పెద్దగా తెలియలేదు. అసలు పరీక్ష ఇంటికి వచ్చాకే మొదలైంది. నా చేతిలో పెట్టిన కాగితం మీద 24 గంటల పాటు పుక్కిలించకూడదనీ, ఉమ్మకూడదనీ అన్నిటికంటే పైన రాసి ఉంది.

ఏది తిన్నా నోటినిండా నీళ్లు పోసుకుని గలగలా పుక్కిలిస్తే తప్ప తృప్తి కలగని ఇంట్లో పెరిగిన నాకు ఇది ఉపవాసం కంటే కష్టమనిపించింది. కారణం అర్థమయ్యాకే మనసు లొంగింది. కోసిన చోట గడ్డకట్టిన రక్తమే గాయానికి మొదటి మూత. గట్టిగా పుక్కిలించినా, ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా ఆ మూత కదిలి రక్తం మళ్లీ కారవచ్చు. అందువల్ల ఊరిన ఉమ్మిని మింగాను, లేదా తల వంచి సింకులోకి దానంతట అదే జారిపోనిచ్చాను. ఉమ్మిలో కాస్త ఎరుపు కనిపించడం మామూలే. గాజుగుడ్డను అరగంట గట్టిగా కొరికిపట్టినా రక్తం ఆగకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి. మత్తు దిగిపోయే వరకు వేడి కాఫీ జోలికి పోకూడదు, ఎందుకంటే పెదవి కాలినా మనకు తెలియదు. మరునాటికి కూడా క్రింది పెదవి మొద్దుబారే ఉంటే ఆ సంగతి దాచుకోకుండా చెప్పాలి, ఎందుకంటే క్రింది దవడ ఎముకలో నుంచి ఒక ముఖ్యమైన నరం వెళుతుంది.

మూడో రోజుకు నా చెంప కజ్జికాయలా ఉబ్బింది. వాపు రెండో, మూడో రోజున ఎక్కువై ఆ తరువాత తగ్గడం సహజం; మూడు రోజులు దాటాక పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా సహజం కాదు. మొదటి రోజంతా ఐసు ముక్కలను బట్టలో చుట్టి చెంప మీద పదిహేను నిమిషాలు ఉంచి, మళ్లీ అంతసేపు తీసేశాను. మా పెద్దమ్మ ఫోనులో కాపడం పెట్టమనీ, లవంగ నూనె రాయమనీ చెప్పింది. ఆమె మీద ఎంత గౌరవమున్నా ఆ రెండూ చేయలేదు: మొదట్లోనే వేడి తగిలితే వాపు పెరగవచ్చు, పలుచన చేయని లవంగ నూనె పచ్చి చిగురును కాలుస్తుంది.

తిండి విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లారిన రాగి జావ, ఇడ్లీలతో మూడు రోజులు బుద్ధిగా గడిపి, నాలుగో రోజు పప్పుచారు అన్నం తిన్నాను. అన్నం మెత్తగానే ఉంది గానీ, తాలింపులోని ఆవగింజ ఒకటి కుట్ల మధ్య ఇరుక్కుంది. నాలుకతో కెలికి, అది చాలక పుల్ల అందుకోబోతే మా అమ్మాయి చేతిలోంచి లాగేసుకుంది. సాయంత్రం డాక్టరు సెలైనుతో మెల్లగా కడిగి తీశారు. పదో రోజు కుట్లు విప్పే దాకా మా ఇంట్లో నాకు తాలింపు లేని పప్పే, అంతకంటే శిక్ష ఏముంటుంది? నాకు చక్కెర వ్యాధి కూడా ఉంది. చక్కెర అదుపు తప్పితే గాయం త్వరగా మానదు, అలాగని తిండి సగానికి తగ్గించి మాత్రలు మాత్రం యథాప్రకారం వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఆ లెక్కను ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

రెండో రోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, నోట్లో ఉంచుకుని, తలను అటూ ఇటూ వంచి వదిలేసేవాణ్ణి. మిగిలిన పళ్లను మెత్తటి బ్రష్షుతో ఎప్పటిలాగే తోముకోవచ్చు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే దానికీ టూత్‌పేస్టుకీ మధ్య కనీసం అరగంట ఎడం ఉంచాలి, ఎందుకంటే పేస్టులో నురుగు తెప్పించే పదార్థం దాని శక్తిని తగ్గిస్తుంది. చెప్పిన రోజులకు మించి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, నోటి రుచీ మారుతుంది. పొగ, గుట్కా, ఖైనీల గురించి వేరే చెప్పనక్కరలేదు.

కుట్లు విప్పాక నొప్పి ఉండదు, అజాగ్రత్త మొదలయ్యేది అప్పుడే. కానీ ఎముక స్క్రూను పట్టుకోవడం అప్పటికింకా పూర్తి కాదు. స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకల్లో అమర్చిన టైటానియం పరికరాలను తీయబోతే రాలేదట; ఎముక ఆ లోహాన్ని అంతగా పట్టేసింది. 1965లో ఆయన తొలిసారి మనిషికి అలాంటి టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. ఆ పట్టు బిగియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఈలోగా స్క్రూ కదిలితే పట్టు కుదరకపోవచ్చు. అందుకని జంతికలు, చెక్కలు, ఎముక ముక్కలు ఆ వైపు నమలకూడదు. నేను నాలుగు నెలలు ఎడమవైపే నమిలాను.

స్క్రూ మీద పంటి ఆకారపు తొడుగు బిగించాక దానికి పుచ్చు పట్టదు కదా అని నేను ధీమాపడ్డాను. పుచ్చు పట్టకపోవచ్చు గానీ, చుట్టూ పాచి పేరుకుంటే చిగురు వాచి, లోపలి ఎముక నొప్పి తెలియకుండానే కరిగిపోగలదు. సహజమైన పంటిని ఎముకకు కట్టి ఉంచే నారలు ఇంప్లాంటుకు ఉండవు. తోముకునేటప్పుడు అక్కడ రక్తం కనబడటమే తొలి హెచ్చరిక. నేను రోజూ రాత్రి ప్లాస్టిక్ పూత తీగ ఉన్న సందుల బ్రష్షు వాడుతున్నాను, ఆరు నెలలకొకసారి చూపించుకుంటున్నాను. మొన్న వెళ్లినప్పుడు ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు గానీ, నాలుక వైపు, అద్దంలో నాకు ఎప్పుడూ కనబడని చోట, పాచి పేరుకుని ఉందని చూపించారు. వచ్చేటప్పుడు ఒకే కుచ్చు ఉన్న చిన్న బ్రష్షు కొనుక్కుని వచ్చాను.