ముందు తెలుగు పేపరు, తర్వాతే ఇంగ్లిష్ పేపరు

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెడుతున్నారని తెలిసినప్పుడు పిల్లలకంటే టీచర్లకే టెన్షన్ ఎక్కువైంది. మాది మహబూబ్‌నగర్ నుంచి కోయిలకొండ వెళ్లే దారిలో ఒక జడ్పీ హైస్కూల్. అంతవరకూ అక్కడ తెలుగు మీడియం ఒక్కటే. నేను సోషల్ చెబుతాను. బీఈడీ దాకా నా చదువంతా తెలుగులోనే సాగింది. డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక ఇంగ్లిష్‌తో నాకు పడిన పనల్లా పైనుంచి వచ్చిన సర్క్యులర్ చదివి సంతకం పెట్టడమే.

పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వచ్చాయి. ఒక పేజీ ఇంగ్లిష్, దాని ఎదురు పేజీ తెలుగు. అందువల్ల చదివి వినిపించడానికి ఇబ్బంది లేదు. చిక్కంతా పుస్తకం మూశాకే. ఎనిమిదో తరగతి పిల్ల లేచి "మేడమ్, గీ ప్రాజెక్టు ఎందుకు ఆగింది?" అని అడిగితే, దానికి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు చెప్పాలంటే పుస్తకంలో ఉండవు.

వేసవి సెలవుల్లో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో చేరాను. హోటల్‌లో ఆర్డర్ ఎలా ఇవ్వాలి, ఎయిర్‌పోర్టులో దారి ఎలా అడగాలి అని మాతో చెప్పించేవాళ్లు. నాకు కావలసింది నదీజలాల పంపకం, కౌలు రైతులు, పంచాయతీ ఎన్నికల గురించి మాట్లాడే ఇంగ్లిష్. కట్టిన ఫీజు పోతుందని కోర్సు పూర్తి చేశాను, అంతే.

ఆ మాటలన్నీ రోజూ దొరికేది న్యూస్‌పేపర్లోనే. "హిందూ చదవండి మేడమ్, ఇంగ్లిష్ దానంతట అదే వస్తది" అని మా హెడ్మాస్టర్ గారు కూడా అన్నారు. ఈ సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. సంపాదకీయంతో మొదలుపెడితే పేరాకి పది మాటలకు అర్థం చూసుకోవాలి. రెండో పేరాకి వచ్చేసరికి మొదటి పేరా ఏం చెప్పిందో గుర్తుండదు. నా ఉద్దేశంలో తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్ పేపరు మానేసేది సంపాదకీయం దగ్గరే. ఇంగ్లిష్ పేపరు కొనే ప్రతివాళ్లూ ముందు ఆ పేజీ చదవాలని ఎవరు పెట్టారో తెలీదు.

అందుకని నేను రెండు షరతులు పెట్టుకున్నాను. ఒకటి, హెడ్‌లైన్లు మాత్రమే చదవాలి. రెండు, ఆ రోజు తెలుగు పేపర్లో అప్పటికే చదివేసిన వార్తల హెడ్‌లైన్లే చదవాలి. దీనికి తెలంగాణ వార్తలు ఎక్కువగా ఉండే హైదరాబాద్ పేపర్లు కావాలి. డెక్కన్ క్రానికల్, తెలంగాణ టుడే, హన్స్ ఇండియా, హిందూ హైదరాబాద్ పేజీలు, వీటిలో ఏది దొరికినా సరే. హైదరాబాద్ మాకు వంద కిలోమీటర్లే కాబట్టి పొద్దున బస్టాండ్‌కి వెళ్లేసరికి బుక్‌స్టాల్‌లో ఏదో ఒకటి ఉండేది. తెలుగు పేపరు జిల్లా పేజీలు ఇంట్లోనే చదివేదాన్ని. ఇంగ్లిష్ పేపరు బస్సులో. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు బస్సులో సీటు దొరకడం గగనమైంది. అప్పుడు నా పద్ధతి మరీ కలిసొచ్చింది. ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని నిలబడి సంపాదకీయం చదవలేం గానీ హెడ్‌లైన్లు చదువుకోవచ్చు. అక్షరాలు పెద్దవి కదా.

వార్త ముందే తెలుసు కాబట్టి తెలియని మాట ఎదురైనా భయం వేయదు. నిన్న హైకోర్టులో ఏం జరిగిందో తెలుగులో చదివేశాను. ఇంగ్లిష్‌లో 'క్వాషెస్' అని ఉంటే కొట్టేసిందని తెలిసిపోతుంది. డిక్షనరీ తర్వాత, సరిచూసుకోవడానికి మాత్రమే.

హెడ్‌లైన్ల వ్యాకరణం మాత్రం విడిగా పట్టుకోవాల్సి వచ్చింది. నిన్న జరిగినదాన్ని వర్తమాన కాలంలో రాస్తారు. రేపు జరగబోయేదానికి 'విల్' ఉండదు, 'సీఎం టు విజిట్ పాలమూరు' అంటారు. ఏ, యాన్, ది కనిపించవు. 'అండ్' బదులు కామా పెడతారు. అన్నిటికంటే తిప్పలు పెట్టింది 'హెల్డ్'. మామూలు వాక్యంలో 'సర్పంచ్ హెల్డ్ ఎ మీటింగ్' అంటే సర్పంచ్ మీటింగ్ పెట్టాడని. హెడ్‌లైన్లో ఉత్త 'సర్పంచ్ హెల్డ్' అంటే సర్పంచ్‌ని పోలీసులు పట్టుకున్నారని. మధ్యలో ఉండాల్సిన 'వజ్' ఎగిరిపోయింది. ఒక మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టారంటే అది ఎవరో అన్న మాట, పేపరు పూచీ లేదని అర్థం.

అందుకే లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టాను. ఎడమ పేజీలో తెలుగు హెడ్‌లైను, దాని కింద ఇంగ్లిష్ హెడ్‌లైను. కుడి పేజీలో ఆ ఇంగ్లిష్ హెడ్‌లైన్‌ను విప్పి పూర్తి వాక్యంగా రాయాలి. 'లారీ హిట్స్ బైక్, టూ కిల్డ్' అని ఉంటే, 'ఎ లారీ హిట్ ఎ బైక్ నియర్ జడ్చర్ల అండ్ టూ పీపుల్ వర్ కిల్డ్' అని. పనంతా కుడి పేజీదే. ఎడమ పేజీతో ఆగిపోతే బోలెడు మాటలు పోగవుతాయి, నోరు మాత్రం పెగలదు. మా ఇంగ్లిష్ సార్ లంచ్ టైమ్‌లో ఆ పేజీలు చూసేవారు. "మేడమ్, గిక్కడ 'ది' వెయ్యాలె. ఏ రైతో ముందే చెప్పినవు కద" అని ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఏ, ది ఎక్కడ వాడాలో నాకు తెలిసింది ఆ దిద్దుబాట్లతోనే.

ఎడమ పేజీ నింపుతుంటే ఒక సంగతి తేలింది. మన సబ్ ఎడిటర్లకూ ఇంగ్లిష్ సబ్ ఎడిటర్లకూ కష్టం ఒకటే. వార్త పెద్దది, చోటు చిన్నది. ఇద్దరూ పొట్టి మాటల కోసం, అందరికీ తెలిసిన నుడికారం కోసం వెతుక్కుంటారు. అందుకే జతలు కుదిరిపోతాయి. మనవాళ్లు 'మంత్రి ధ్వజం' అంటే వాళ్లు 'స్లామ్స్' అంటారు, కోపం ఎక్కువైతే 'ఫ్లేస్'. ఫ్లే అంటే తోలు ఒలవడం. 'అధికారిపై వేటు' వాళ్లకు 'యాక్స్‌డ్', అంటే గొడ్డలి వేటే. 'బరిలో' అన్నది 'ఇన్ ద ఫ్రే'. కోర్టులో చుక్కెదురైతే 'సెట్‌బ్యాక్' లేదా 'జోల్ట్', ఊరట దొరికితే 'రిప్రీవ్'. ఎన్నికల తాయిలాలు 'పోల్ సాప్స్'. మన గోడ మీది పిల్లులు అక్కడ 'ఫెన్స్ సిట్టర్స్'. కొత్త పథకానికి మన పేపర్లు 'బాలారిష్టాలు' అని రాస్తే వాళ్లు 'టీతింగ్ ట్రబుల్స్' అని రాస్తారు. మనకు పసిబిడ్డ గండాలు, వాళ్లకు పళ్లొచ్చేటప్పటి బాధ. 'ఫ్రమ్ పిల్లర్ టు పోస్ట్' అనే మాట అయితే మళ్లీ చూసుకోనక్కర్లేకుండా ఉండిపోయింది. మా మేనమామ పాస్‌బుక్‌లో సర్వే నంబరు తప్పుపడి, దాన్ని మార్పించుకోవడానికి చెప్పులరిగేలా తిరుగుతున్న రోజులవి.

జతల్లో నాకు బాగా నచ్చింది వాన గురించినది. జూన్ దాటినా చినుకు పడకపోతే తెలుగు పేపర్లు 'ముఖం చాటేసిన వానలు' అంటాయి. ఇంగ్లిష్ పేపర్లు 'మాన్‌సూన్ ప్లేస్ ట్రూయెంట్' అంటాయి. ట్రూయెంట్ అంటే బడి ఎగ్గొట్టేవాడు. ఈ మాట మా స్టాఫ్‌రూమ్‌లో వెంటనే చెలామణిలోకి వచ్చింది. పత్తి ఏరే రోజుల్లో మా హాజరు పట్టీ చూస్తే సగం వరసలు ఖాళీ. కూలి దొరికే సీజన్, ఇంట్లోవాళ్లే తీసుకెళ్తారు. దాన్ని బడి ఎగ్గొట్టడం అనవచ్చా అని ఒకరోజు లంచంతా వాదించుకున్నాం, సగం ఇంగ్లిష్‌లోనే.

రైతుల్ని 'రయట్స్' అని రాయడం మన ఇంగ్లిష్ పేపర్ల అలవాటు. రైతు, రయట్ రెండూ అరబ్బీ నుంచి వచ్చిన 'రయ్యత్' పిల్లలే. పైకి చదివితే మాత్రం అల్లర్లకు వాడే 'రయట్స్' లాగే వినిపిస్తుంది. క్లాసులో 'ఫార్మర్స్' అంటేనే నయం. ఇలాంటిదే 'రో'. వరస అనే అర్థంలో 'రో', గొడవ అయితే 'రౌ', స్పెల్లింగ్ ఒకటే. కళ్లతో చదివినంత మాత్రాన ఇవి తెలియవు. ఫోన్‌లో డిక్షనరీ ఉచ్చారణ వినాల్సిందే.

విడి మాటలకంటే ఎక్కువ లాభం ఇచ్చింది ఒకే వార్తను వెంబడించడం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో పైకప్పు కూలింది. శ్రీశైలం నుంచి నల్లగొండ వైపు కృష్ణా నీళ్లు తీసుకెళ్లడానికి తవ్వుతున్న సొరంగం అది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మా జిల్లా పక్కనే జరిగింది కాబట్టి పిల్లలు బడికి రాగానే అదే అడిగేవాళ్లు. మొదటి రోజు 'కేవ్-ఇన్', 'ట్రాప్డ్'. తర్వాత బురదకు 'మక్', ఊటకు 'సీపేజ్', నీళ్లు తోడడానికి 'డీవాటరింగ్'. 2023లో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో 41 మందిని బయటికి తెచ్చినప్పుడు పేరు వచ్చిన 'ర్యాట్ హోల్ మైనర్స్', అంటే ఇరుకు కన్నాల్లో చేత్తో తవ్వుకుంటూ వెళ్లేవాళ్లు, ఇక్కడికీ వచ్చారు. మొదట్లో 'రేస్ అగెనెస్ట్ టైమ్' అని రాసిన పేపర్లే కొన్నాళ్లకు 'హోప్స్ ఫేడ్' అని రాశాయి. కేరళ నుంచి 'కెడావర్ డాగ్స్', అంటే శవాల వాసన పట్టే కుక్కలు, వచ్చాయి. మార్చి 9న ఒక మృతదేహం, 25న మరొకటి బయటికి తీశారు. కెడావర్ అంటే ఏంటని ఒక పిల్లవాడు అడిగితే చెప్పడానికి కాస్త ఆగాల్సి వచ్చింది.

చిక్కుకున్నవాళ్లు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌లకు చెందినవాళ్లు. పదో తరగతిలో వలసల పాఠం ఉంది. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ ఉండేదని మా పిల్లల తాతలు చెప్పే కథలు. ఇప్పుడు మన దగ్గర సొరంగం తవ్వడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. ఆ రోజు పుస్తకం తెరవకుండా పీరియడ్ మొత్తం ఇంగ్లిష్‌లో మాట్లాడాను. ఆ మాటలన్నీ కొన్ని రోజులుగా నోట్‌బుక్‌లో నానుతున్నవే. 2022లో ఎనిమిదిలో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టిన బ్యాచే అప్పుడు పదో తరగతి. మార్చి, ఏప్రిల్‌లలో వాళ్లు పబ్లిక్ పరీక్షలు ఇంగ్లిష్‌లో రాశారు.

ఈ బ్యాచ్‌తోనే ఇంకో పని చేయించాను. పాఠం అయ్యాక దానికి హెడ్‌లైన్ రాయాలి, పక్కనవాళ్లు దాన్ని విప్పి పూర్తి వాక్యం చెప్పాలి. ఉప్పు సత్యాగ్రహానికి ఒకమ్మాయి 'గాంధీ బ్రేక్స్ సాల్ట్ లా ఎట్ దండి' అని చక్కగా రాసింది. ఇంకొకడు 'గాంధీ నాబ్డ్', అంటే గాంధీ పట్టుబడ్డాడు, అని రాశాడు. క్లాసంతా ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. పేపర్లో నాబ్ చేసేది గొలుసు దొంగల్ని, గాంధీని కాదు. పరీక్షలో 'వజ్ అరెస్టెడ్' అనే రాయాలని చెప్పాను. స్లామ్, నాబ్, మల్ (ఆలోచించడం), నాడ్ (ఆమోదం) లాంటివి హెడ్‌లైన్‌లో చోటు కోసం పుట్టిన వాడుకలు. మాట్లాడేటప్పుడూ జవాబు రాసేటప్పుడూ వాటిని దింపితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నేను కొంచెం గట్టిగానే ఉంటాను. 1948 సెప్టెంబర్ 17కి మాత్రం 'నిజాం సరెండర్స్' కంటే పొట్టిది ఎవరూ రాయలేకపోయారు.

స్పోర్ట్స్ పేజీ నాకు ఒంటబట్టలేదు. ఆ పేజీ పిల్లలకే ఇచ్చేశాను. తీరా చూస్తే రాజకీయ వార్తల్లో సగం నుడికారం అక్కడినుంచే వస్తోంది. 'గవర్నమెంట్ ఆన్ బ్యాక్‌ఫుట్' అని మొదటి పేజీలో ఉంటే వెనక బెంచీ కుర్రాడు లేచి, చేతిలో స్కేలు బ్యాటులా పట్టుకుని, కాలు వెనక్కి వేసి చూపించాడు. 'బౌన్సర్', 'గూగ్లీ', 'హిట్ ఫర్ ఎ సిక్స్' కూడా వాళ్లే చెప్పారు. 'ఆన్ ఎ స్టికీ వికెట్' దగ్గర వాళ్లూ తెల్లమొహం వేశారు. పిచ్‌కి కప్పు వేయని రోజుల్లో వాన పడి ఎండ కాస్తే బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదట, ఆ ఇరకాటం అది. ఆ మాట డిక్షనరీలో వెతికి వాళ్లకు చెప్పేసరికి లంచ్ బెల్ కొట్టారు. అయినా ఒకడు వదల్లేదు. "మరి మన గ్రౌండ్‌ల వాన పడ్డంక ఆడితే గదే కద మేడమ్?" అని అడిగాడు. అదే అన్నాను. ఇంగ్లిష్‌లో చెప్పమంటే "వియ్ ఆర్ ఆల్వేస్ ఆన్ ఎ స్టికీ వికెట్, మేడమ్" అని పళ్లెం పట్టుకుని భోజనాల లైనులోకి పరిగెత్తాడు.