కాటు మేనల్లుడికి, భయం మా పాపకు

పరకాల దగ్గరి మా పుట్టింట్లో కుక్క కరిచింది మా అన్నయ్య కొడుకును. భయం పట్టుకున్నది మాత్రం ఆ పక్కనే అరుగు మీద కూర్చున్న మా పాపను. అప్పటికి వాడికి పదేళ్లు, పాపకు ఏడేళ్లు. పాలిస్తున్న కుక్క దగ్గరి నుంచి కూనను ఎత్తుకోబోతే అది వాడి పిక్క పట్టుకున్నది. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడిగి దవాఖానకు తీసుకుపోయారు. గాయం చుట్టూ వేసే సీరం వేయించి, 0, 3, 7, 28 రోజుల లెక్కన సూదులు ఇప్పించారు. ఆఖరి సూది పడకముందే వాడు అదే కుక్కకు రొట్టె ముక్కలు విసురుతూ కనిపించాడు. మా పాప మాత్రం హనుమకొండకు తిరిగివచ్చాక వీధి మలుపులో కుక్క తోక కనబడినా చాలు, నా కొంగు గుప్పిట పట్టుకుని అడుగు తీసి అడుగు వేసేది కాదు.

నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు చదివిన వారందరికీ వచ్చే జతపరచడం, అంటే నేర్చుకోవడం మీద ఎవరు దేనితో ప్రయోగం చేశారో చెప్పడం, నాకూ వచ్చు: కుక్కకు పావ్‌లోవ్, పిల్లికి థార్న్‌డైక్, పావురానికి స్కిన్నర్, చింపాంజీకి కోహ్లర్, గాలిబొమ్మకు బండూరా. శిశు వికాసం, పెడగాజీ విభాగానికి ఉన్న 30 మార్కుల్లో ఆ జతలు నాకు బాగానే పనికివచ్చాయి. అయితే కరిపించుకున్న పిల్లవాడు నిమ్మళంగా ఉండి, చూసిన పిల్ల వణికిపోవడం ఎందుకని ఏ గైడులోనూ ప్రశ్న రాలేదు.

పావ్‌లోవ్ మనస్తత్వ శాస్త్రవేత్త కాదు, జీర్ణక్రియను పరిశోధించి 1904లో నోబెల్ బహుమతి పొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. ఆహారం నోట్లో పడితే కుక్కకు లాలాజలం ఊరడం సహజం. టిక్కుటిక్కుమని లయ కొట్టే మెట్రోనోమ్ చప్పుడు వినిపించి వెంటనే ఆహారం పెడుతూ పోతే కొంతకాలానికి ఒట్టి చప్పుడుకే ఊరుతుంది. దీన్నే శాస్త్రీయ నిబంధనం అంటున్నాం. ఈ లెక్కన కాటు తిన్న మేనల్లుడికే కుక్కతో నొప్పి ముడిపడాలి. కానీ వాడు పుట్టింది మొదలు వాకిట్లో కుక్కల మధ్యే పెరిగాడు. ఎన్నో ఏళ్లు ఏ హానీ చేయకుండా ఎదురైన దానికి ఒక్కరోజు హాని తోడైనంత మాత్రాన భయం అంత తేలికగా అంటుకోదు. అపార్ట్‌మెంటులో పెరిగిన మా పాపకు అటువంటి పూర్వ పరిచయమేదీ లేదు. ఆమె దగ్గరగా చూసిన మొదటి కుక్క అదే, ఆ వెంటనే విన్నది మా వదిన పెట్టిన కేక.

ఆ కేకే పాపకు కాటు అయింది. 1980లలో సుసాన్ మినేకా, మైకేల్ కుక్ రీసస్ కోతులతో చేసిన ప్రయోగాలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి బెదిరిపోవడం చూపించగానే వాటికీ ఆ భయం పట్టుకున్నది, పాము వాటిని తాకనైనా తాకలేదు. మరో ప్రయోగంలో, పాము దగ్గర బెదరకుండా ఉన్న కోతిని ముందుగా చూసిన కోతుల్లో ఎక్కువ వాటికి, తర్వాత బెదిరిన కోతిని చూపించినా భయం అంటలేదు. మా ఇంట్లో నేను మొట్టమొదట సరిగా అర్థం చేసుకున్నది ఇదే. మిగిలిన పనంతా దీని మీదనే ఆధారపడింది.

భయం ఒక్క కుక్కతో ఆగలేదు. ముందు గోధుమ రంగు కుక్కలు, తర్వాత అన్ని కుక్కలు, ఆ తర్వాత కింది అంతస్తువారి తెల్లటి పొమరేనియన్, చివరికి కుక్కలు పడుకునే సందు కూడా ఆ జాబితాలో చేరిపోయాయి. దీనికి సామాన్యీకరణం అని పేరు. 1920లో వాట్సన్, రోజలీ రేనర్ పదకొండు నెలల ఆల్బర్ట్‌కు తెల్ల ఎలుకను చూపిస్తూ వెనుక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. పసివాడి భయం ఎలుకతో ఆగక కుందేలుకు, కుక్కకు, బొచ్చు కోటుకు పాకింది. దాన్ని పోగొట్టకుండానే ఆ పిల్లవాడిని ఆసుపత్రి నుంచి తీసుకువెళ్లిపోయారు. పాఠంలో ఈ వాక్యం ఒక పంక్తిలో తేలిపోతుంది కానీ, ఇంట్లో అటువంటి పిల్ల ఉన్నవారికి అది చదవడం కష్టం.

ఇక భయాన్ని నిలబెట్టినది తప్పించుకోవడం. కుక్క కనబడితే మా అత్తమ్మ పాపను చంకన వేసుకుని పక్క సందులోంచి తీసుకుపోయేది. పాప ఏడుపు ఆగేది, అత్తమ్మకు ఊరట కలిగేది, ఇద్దరికీ ఆ సందే అలవాటైంది. బాధ కలిగించేది తొలగిపోవడం వల్ల ఒక ప్రవర్తన బలపడితే అది రుణాత్మక పునర్బలనం. దాన్ని దండన అనుకునేవారు మా శిక్షణ తరగతిలో ప్రతి ఏడూ ఉండేవారు. భయం నిబంధనం వల్ల పుడుతుందని, తప్పించుకోవడంలోని ఊరట వల్ల నిలుస్తుందని 1947లో హోబర్ట్ మౌరర్ ఈ రెండింటినీ కలిపి చెప్పాడు. తప్పించుకున్న ప్రతిసారీ, కుక్క ఏమీ చేయకుండా పోయేదేమో తెలుసుకునే అవకాశం పిల్లకు లేకుండా పోతుంది.

సలహాలకు కొదువ లేదు. ఏడ్చినప్పుడు చాక్లెట్ ఇవ్వమన్నారు. అప్పుడు బలపడేది ఏడుపే. దగ్గరి బంధువు ఒకాయన ‘ఒక్కసారి పట్టుకుంటే గదే పోతది’ అంటూ కుక్కపిల్లను తెచ్చి పాప ఒడిలో పెట్టాడు. భయపడే దాంట్లో ఒక్కసారిగా ముంచే పద్ధతి వైద్యంలో ఉన్నమాట నిజమే. అయితే అందులో భయం దానంతట అది దిగేదాకా ఆగాలి. ఈయన పాప కెవ్వుమనగానే కుక్కపిల్లను తీసేశాడు. కేక వేస్తే కుక్క పోతుందని నేర్పించి వెళ్లిపోయాడన్నమాట.

ఆ తర్వాతే హనుమకొండలో ఒక క్లినికల్ సైకాలజిస్టును కలిశాం. ఆమె మందు రాయలేదు, ఉపదేశమూ చేయలేదు. పాప చేతికి నోటుబుక్కు ఇచ్చి ఏది ఎంత భయమో సున్నా నుంచి పది వరకు పాపనే రాయమన్నది. కుక్క బొమ్మకు ఒకటి, శబ్దం లేని వీడియోకు రెండు, మేడ మీద నుంచి వీధికుక్కను చూడటానికి మూడు, ఇలా మెట్లు ఎక్కుతూ పోయి తెలియని కుక్కను ముట్టుకోవడం దగ్గర పది వేసింది. భయానికి సరిపడని స్థితిని, అంటే శరీరం సడలి ఉన్న స్థితిని, ఒక్కొక్క మెట్టుకు జోడిస్తూ పైకి వెళ్లే ఈ విధానాన్ని జోసెఫ్ వోల్పే 1958లో క్రమబద్ధంగా రాశాడు. దానికి మూలం అంతకంటే పాతది. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే భయపడే మూడేళ్ల పీటర్‌కు ఇష్టమైన తినుబండారం పెట్టి, వాడు తింటుండగా పంజరంలోని కుందేలును రోజురోజుకూ దగ్గరికి జరిపింది.

పీటర్ తిన్నదేమైతేనేం, మా పాప తిన్నది సకినాలు. బాలసముద్రంలో నా సహోద్యోగి ఇంట్లో టామీ అనే ముసలి కుక్క ఉన్నది. టీకాలన్నీ వేయించినది, గొలుసుతో కట్టి ఉంటుంది. గేటు బయట కుర్చీ వేసుకుని పాప సకినం కొరుకుతుంటే నేను ఆ చప్పుడు వినేదాన్ని. పళ్ల కింద కరకర సాగుతుంటే కుర్చీ ఒక జానెడు ముందుకు జరిగేది. కరకర ఆగి, సకినం చెంపలో ఉండిపోయి, కళ్లు టామీ మీద నిలిచిపోతే అక్కడే ఆగేవాళ్లం, లేదా అంతే మేర వెనక్కి జరిగేవాళ్లం. తొందరపడితే మొత్తం తలకిందులవుతుంది, కుక్క మీది భయమే తిండికి అంటుకోవచ్చు. జోన్స్ కూడా ఈ హెచ్చరిక చేసింది. మెట్టు దాటినప్పుడల్లా నోటుబుక్కులో చుక్క పెట్టేవాళ్లం. మొదట్లో ప్రతి మెట్టుకూ, తర్వాత తర్వాత ఎప్పుడో ఒకసారి. అప్పుడప్పుడు మాత్రమే పునర్బలనం దొరికే ప్రవర్తన త్వరగా ఆరిపోదని స్కిన్నర్ చూపించినది ఇక్కడ పనికివచ్చింది.

ఇంత చేసినా ఒక మెట్టు దగ్గర చాలాకాలం ఇరుక్కుపోయాం. గేటు లోపలికి వచ్చేది, పదడుగుల దూరంలో బిగుసుకుపోయేది. సైకాలజిస్టు ఒక చిన్న పని చెప్పింది: కుక్క కదిలినప్పుడు పాప ముందుగా ఎటు చూస్తున్నదో గమనించమన్నది. చూస్తే, పాప కుక్కను చూడటం లేదు, తలెత్తి బాపమ్మ ముఖాన్ని చూస్తున్నది. టామీ చెవి విదిలించినా అత్తమ్మ పెదవులు బిగిసేవి, కుడిచేయి పాప మణికట్టును గట్టిగా పట్టేది, గాజులు గలగలమనేవి. పాపకు ఆ గాజుల చప్పుడే పావ్‌లోవ్ మెట్రోనోమ్.

ఈ విషయం అత్తమ్మతో చెప్పడానికి మా ఆయన జంకాడు, నేనే చెప్పాను. ‘నేను భయపడుతున్ననా? పిల్ల పైలం కోసం పట్టుకుంటున్న’ అన్నది. ఆమె మాటలో అబద్ధం లేదు. చూసి నేర్చుకోవడానికి బండూరా చెప్పిన నాలుగు అంశాలు, అవధానం (గమనించడం), ధారణ (గుర్తుంచుకోవడం), పునరుత్పాదన (తిరిగి చేయడం), ప్రేరణ, వీటిలో ఎక్కడా నేర్పించేవారి ఉద్దేశం అవసరం లేదు. చూసేవారికి ఏది కనబడితే అదే పాఠం. అందుకే ఆమెను మానమనలేదు, చేతులకు వేరే పని పెట్టాం. అప్పటి నుంచి సకినాల డబ్బా ఆమె రెండు చేతులా పట్టుకోవాలి, ఒక్కొక్కటి తీసి పాపకు అందించాలి, డబ్బాలో ఎన్ని మిగిలాయో చెప్పాలి. చేతులు ఖాళీ లేని మనిషి మణికట్టు పట్టలేదు, లెక్క పెడుతున్న మనిషి ముఖం అంతగా బిగియదు. ఆ మార్పు తర్వాత పదడుగులు ఐదడుగులయ్యాయి.

దసరా సెలవులకు మేనల్లుడు వచ్చాడు. 1967లో బండూరా, జోన్ గ్రూసెక్, ఫ్రాన్సెస్ మెన్‌లవ్ కుక్కలంటే భయపడే చిన్నపిల్లలకు, నాలుగు రోజుల పాటు ఎనిమిది చిన్న విడతల్లో, వారి వయసు పిల్లవాడు ఒకడు కుక్కతో క్రమంగా చనువు పెంచుకోవడం చూపించారు. చూసిన పిల్లల భయం బాగా తగ్గింది. మాకు అటువంటి నమూనా ఇంట్లోనే దొరికాడు, పైగా కాటు మచ్చ పిక్క మీద ఉన్నవాడు. కొత్త కుక్క కావడంతో వాడు కూడా మొదట ఆగాడు, యజమానిని అడిగాడు, చేయి ముడిచి టామీ ముందు చాచి వాసన చూడనిచ్చాడు, ఆ తర్వాతే మెడ దువ్వాడు. ఆ ఆగడం మంచిదైంది. మొదట జంకి తర్వాత నిలదొక్కుకునే నమూనా, అసలు భయమే లేని నమూనా కంటే మేలని 1971లో మైకెన్‌బామ్ పాములంటే భయపడేవారి విషయంలో చూపించాడు. ‘బావకు కూడా భయమైంది, అయినా పట్టుకున్నడు’ అని పాప దారి పొడుగునా చెప్పింది. మరుసటి రోజు తన చేయి టామీ వీపు మీద పెట్టింది.

పని అయిపోయిందనుకున్నాం. అదే సెలవుల్లో పరకాల వెళ్తే, ఆ అరుగు మీద కూర్చోగానే పాప మళ్లీ మొదటి రోజులా వణికింది. పీటర్‌కూ ఇలాగే జరిగింది. మధ్యలో వాడికి స్కార్లెట్ జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉండి, బయటికి వచ్చి టాక్సీ ఎక్కుతుండగా పెద్ద కుక్క ఒకటి మీదికి దూకడంతో తగ్గిన భయం తిరిగివచ్చింది. పునర్బలనం ఆపితే నిబంధనం విరమణ పొందుతుందని చదువుకున్నాం గానీ, విరమణ అంటే చెరిగిపోవడం కాదు. పాత పాఠం అలాగే ఉంటుంది, దాని మీద కొత్త పాఠం ఒకటి చేరుతుంది, ఆ కొత్తది నేర్చిన చోటుకు ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుందని మార్క్ బౌటన్ పరిశోధనలు చెబుతున్నాయి. మా పాప నేర్చినదంతా బాలసముద్రం వాకిలికి సంబంధించినది. కాబట్టి పబ్లిక్ గార్డెన్‌లో, భద్రకాళి చెరువు కట్ట మీద, వడ్డేపల్లి వీధుల్లో, చివరికి పరకాల అరుగు మీద, కింది మెట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మెట్లు త్వరగా దాటింది.

ఈ దశలోనే భయాన్ని ఎంతవరకు తగ్గించాలన్న ప్రశ్న వచ్చింది. 2023లో కాజీపేటలో వలస కుటుంబానికి చెందిన బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. అత్తమ్మ జాగ్రత్తకు కారణం గాలిలోంచి పుట్టలేదు. పాపకు కావలసినది ధైర్యం కంటే విచక్షణ, అంటే గొలుసుతో ఉన్న టామీకి, గుంపుగా మొరుగుతూ వచ్చే కుక్కలకు తేడా తెలిసి, వాటికి వేరువేరుగా స్పందించడం. కూనలున్న తల్లి దగ్గరికి, తింటున్న కుక్క దగ్గరికి పోకూడదు. కుక్క వెంటబడితే ఉరకకూడదు, కళ్లలోకి చూడకూడదు, చేతులు ఒంటికి ఆనించి చెట్టులా నిలబడాలి. వీటిని చెప్పి వదిలేయకుండా మేడ మీద మేనల్లుడు కుక్కలా మొరుగుతూ వస్తే పాప నిలబడే ఆటగా చేశాం. ఆ ఆటలో అత్తమ్మ కూడా నిలబడింది, అందరికంటే బాగా.

ఇప్పుడు పాప బడికి వీధిలోంచే నడిచి పోతున్నది. రాత్రిపూట కుక్కలు గుంపుగా మొరిగితే నా చేయి పట్టుకుంటుంది, నేనూ పట్టుకుంటాను. చివరిసారి కలిసినప్పుడు సైకాలజిస్టు నోటుబుక్కు తిరగేసి, పదో మెట్టు ఒక్కదానికే చుక్క లేకపోవడం చూసింది. తెలియని కుక్కను ముట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదంటూ ఆ వరుసను పెన్నుతో కొట్టేసి, ఇక రానక్కరలేదన్నది.