చెకుముకి రాయి చెక్కడం: సీసా అడుగుల నుంచి కృష్ణ గులకరాళ్ల దాకా

సీసా అడుగు గాజుతో బాణపు మొన తీయడం ఇప్పుడు నాకు బాగానే వస్తోంది. బొటనవేలంత పొడవు, రెండు ముఖాల మీదా పెచ్చులు లేచిన గుర్తులు, అంచు వంకర లేకుండా సాపు. రాయితో మాత్రం ఇంకా మంచి పెచ్చులు తీసే దశలోనే ఉన్నాను. వనపర్తి, గద్వాల చుట్టుపక్కల ఎవరికైనా రాతియుగం మనుషుల్లా పెచ్చులు లేపి మొనలు తీసే ఈ పని మీద మనసు పడితే పనికొస్తుందని ఇప్పటిదాకా తెలిసింది రాస్తున్నాను.

ముందు రాయి సంగతి. మా దిక్కు ఎటు చూసినా గుట్టలే, కానీ చాలావరకు గ్రానైటు. అది ముతక రేణువుల రాయి. దెబ్బ పడితే పొడి రాలుతుంది తప్ప పదునైన పెచ్చు లేవదు. చెల్కల్లో కనిపించే తెల్ల పలుగురాయి గాజులా మెరుస్తుంది గానీ లోపల పగుళ్లు ఎక్కువ, ఎటు విరుగుతుందో చెప్పలేం. గ్రానైటు కొట్టే ఒక పెద్దాయనను అడిగితే, "రాయికి ఒక దారి ఉంటది బిడ్డా, ఆ దారెంబడి కొడితే అదే ఇచ్చుకుంటది" అన్నాడు. ఆయన పనికి అది ప్రాణం. మనకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం: ఏ దారీ లేని రాయి. రేణువు కంటికి కనపడకూడదు, దెబ్బ ఎటు పంపితే పగులు అటే పోవాలి. చెకుముకి రాయి, అగేటు, జాస్పర్, గాజు ఆ జాతివి.

కృష్ణ మనదాకా వచ్చేలోపు మహారాష్ట్ర, కర్ణాటకల్లో లావా రాతి నేలలను కోసుకుంటూ వస్తుంది. ఆ లావాలో ఏర్పడిన అగేటు, జాస్పర్ ముక్కలు గులకరాళ్లతో కలిసి కిందికి కొట్టుకొస్తాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బీచుపల్లి వైపు వెతుకుతుంటాను. గుప్పిట్లో ఇమిడేవి దొరికితే అదే గొప్ప. ఇంకో రాయితో మెల్లగా తట్టి చూడాలి. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా మోగితే లోపల పగులుంది, వదిలేయడమే.

ఇంత అపురూపంగా దొరికే రాయిని నేర్చుకునే చేతులతో పాడు చేయడం నాకిష్టం లేదు. అందుకే మొదట గాజు. మందంగా ఉన్న సీసా అడుగులు ఎక్కడైనా ఊరికే దొరుకుతాయి. పగిలిన కమోడు పింగాణీ కూడా పనికొస్తుంది, కాస్త మొండిది, కానీ పెచ్చు బాగా లేస్తుంది.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. ఎలక్ట్రికల్ షాపులో ఎర్తింగ్‌కు వాడే 8 గేజ్ రాగి తీగ అడగండి, సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. జానెడు కర్రకు రంధ్రం చేసి ఆ తీగ ముక్కను బిగించి, కొనను సానబెడితే అదే ఒత్తుడు పనిముట్టు, అంటే అంచు మీద నొక్కి చిన్న పెచ్చులు లేపేది. ఇనుప మేకు జారుతుంది, రాగి మెత్తన కాబట్టి అంచును పట్టుకుంటుంది. అరచేతి కిందికి మందపాటి తోలు, తొడ మీదికి లారీ ట్యూబు ముక్క. రాయి కొట్టడానికి నున్నటి గుండ్రాయి. విదేశాల్లో జింక కొమ్ము వాడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది కుదరదు, ఆ ఆలోచనే వద్దు.

ఇక అసలు కిటుకు. బలం గురించి మర్చిపోండి, కోణం చూడండి. చదునైన గాజు మధ్యలో దెబ్బ పడితే పగులు శంకువు ఆకారంలో లోపలికి దిగుతుంది. అదే దెబ్బ అంచు దగ్గర వేస్తే ఆ శంకువులో ఒక పక్క మాత్రమే రాయిలో దిగి, పెచ్చుగా ఊడి వస్తుంది. పెచ్చు మీద దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు కనిపించేది అందుకే. దెబ్బ వేసే తలానికీ, పెచ్చు లేవాల్సిన ముఖానికీ మధ్య కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి. అది దాటితే ఎంత బలంగా కొట్టినా అంచు నలుగుతుందే తప్ప పెచ్చు రాదు.

రెండోది, అంచును రుద్దడం. ఒత్తబోయే ముందు ప్రతిసారీ అంచును గరుకు రాయితో గీకి మొద్దు చేయాలి. పల్చటి అంచు ఒత్తిడిని మోయలేక అక్కడే చితికిపోతుంది, మొద్దు అంచు ఆ బలాన్ని లోపలికి పంపుతుంది. నా మొనల్లో మార్పు వచ్చింది ఇక్కడే. మా గ్రానైటు ఈ ఒక్క పనికి మాత్రం బంగారం. ఒత్తేటప్పుడు ముందు లోపలివైపు బలం పెట్టి, ఆ బలం వదలకుండా కిందికి తిప్పాలి. మోచేతులు తొడలకు ఆనించి, మోకాళ్లు దగ్గరికి నొక్కితే మణికట్టు నొప్పి పుట్టదు. అంతకుముందు లేచిన రెండు పెచ్చుల మధ్య మిగిలిన గట్టును చూసుకుని ఒత్తితే తర్వాతి పెచ్చు ఆ గట్టు వెంట దూరం పోతుంది.

జాగ్రత్తల్లో కళ్లద్దాలు, బూట్లు, చేతి తొడుగులు ఎలాగూ ఉండాలి. అంతకంటే ముఖ్యం ధూళి. రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లకు సిలికోసిస్ వచ్చేది ఈ సిలికా ధూళి వల్లే, ఊపిరితిత్తులకు పడిన మచ్చ మళ్లీ మానదు. ఇంట్లో చేయొద్దు. ఆరుబయట, గాలి పక్క నుంచి వీచేలా కూర్చుని, ఎన్95 మాస్కు పెట్టుకోండి. అంచు రుద్దేటప్పుడు తడి చేసుకోండి. కింద టార్పాలిన్ తప్పనిసరి. పిల్లలు, కోళ్లు తిరిగే పెరడు మరి.

ఒక విన్నపం. మన ప్రాంతంలో ఈ పని వేల ఏళ్ల కిందే జరిగింది. మక్తల్ వైపు ఉట్నూరులో, పశువుల పేడ కాలి పేరుకున్న బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు కొత్తరాతి యుగపు పశుల కాపరుల ఆనవాళ్లు బయటపడ్డాయి. అలాంటి చోట రాతి ముక్క కనిపిస్తే తీసుకోకండి, ఫొటో తీసి పురావస్తు శాఖకు చెప్పండి. అది ఉన్న చోటే దాని చరిత్ర. మనం తీసిన పెచ్చులను కూడా పొలంలోనో ఒడ్డునో పారబోయొద్దు, రేపు ఎవరో పాతవనుకుంటారు. నేను పెయింటు డబ్బాలో పోసి, ఈ ఏటి నాణెం ఒకటి అందులో వేస్తున్నాను. నమూనాలు చూడాలంటే నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లండి. ఆ లోయ సాగర్ నీళ్లలో మునగకముందు, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో దొరికిన రాతి పనిముట్లు దగ్గరగా చూడొచ్చు. అంచుల మీద పెచ్చులు ఏ వరసలో లేచాయో గమనిస్తే సగం పాఠం అక్కడే.

వానలు తగ్గాక జాస్పర్ ముక్కలను ఇసుకలో పూడ్చి నెమ్మదిగా వేడి చేసి చూస్తాను. సరిగ్గా కాలితే ఇలాంటి రాయి తేలిగ్గా పెచ్చులిస్తుంది, వేడి ఒక్కసారిగా పెంచితే పగిలిపోతుంది. తడి పూర్తిగా ఆరడం ముఖ్యం కాబట్టి ఏరిన రాళ్లను ఇప్పటినుంచే మిద్దె మీద ఎండబెడుతున్నాను.