నాలుగు రంగుల డబ్బాలు, ఒకే లారీ

విశాఖ పాత నగరంలో పుట్టి పెరిగాను. బతుకుతున్నది మాత్రం జపాన్‌లో, కిటాక్యూషూ అనే రేవు పట్టణంలో. అక్కడ లోహపు విడిభాగాలు తయారుచేసే కంపెనీలో మొదట యంత్రాల మీద పనిచేసి, తరువాత పర్యావరణ విభాగానికి మారాను. ఆ కంపెనీకి వాటా ఉన్న కర్మాగారం ఒకటి విశాఖ శివార్లలో ఉంది. “అక్కడి కార్మికుల భాష నీకు వచ్చు, నువ్వే వెళ్లు” అని కొన్ని నెలల పని మీద నన్ను పంపారు. వ్యర్థాలు తగ్గించడం, కరెంటూ నీరూ ఆదా చేయడం, నూనెలు కాలువల పాలు కాకుండా చూడడం, ఇవన్నీ కార్మికులకు నేర్పాలి.

సొంత ఊరికి పరదేశపు ఉద్యోగిగా రావడం విచిత్రంగా ఉంటుంది. పొద్దున అమ్మ చేతి ఉప్మా తిని, గాజువాక మీదుగా కంపెనీ బస్సులో వెళ్లి, అక్కడ “జపాన్ సారు” అనిపించుకోవాలి. మా మేనత్తకైతే ఇదంతా నమ్మబుద్ధి కాలేదు. “వాడి ఉద్యోగం ఊడిందేమో, మెల్లగా కనుక్కో వదినా” అని అమ్మకు ఫోన్ చేస్తూనే ఉంది.

మొదటి తరగతి క్యాంటీన్‌లో పెట్టారు. అదీ షిఫ్టు దిగి, ఇంటికి వెళ్లే బస్సు కోసం అందరూ గడియారం చూసుకునే వేళ. నాకిచ్చి పంపిన స్లైడ్లలో కరుగుతున్న మంచు మీద నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి ఉంది. ఒక లీటరు వాడేసిన నూనె పది లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదన్న వాక్యం ఉంది. ఎదురుగా ఉన్నది పొద్దుటి నుంచి యంత్రాల ముందు నిలబడి వచ్చినవాళ్లు. సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి అగనంపూడి, లంకెలపాలెం దగ్గర గదుల్లో ముగ్గురూ నలుగురూ కలిసి ఉంటున్న కాంట్రాక్టు కుర్రాళ్లు. ఒడిశా వాళ్లు కొందరు. ఎలుగుబంటి మీద వాళ్లకు కోపం ఏమీ లేదు, ఆసక్తి కూడా లేదు.

తరువాత రంగు డబ్బాల స్లైడ్ వచ్చింది. కాగితానికి నీలం, ప్లాస్టిక్‌కు పసుపు, లోహానికి బూడిదరంగు, నూనె గుడ్డలకు ఎరుపు. వెనక వరుసలోంచి షెడ్డు ఊడ్చే ఆవిడ లేచి నిలబడింది.

“బాబూ, మీరు చెప్పినట్టే అందరూ వేరుగానే వేస్తున్నారు. సాయంత్రం లారీ వస్తుంది. నాలుగు డబ్బాలూ ఆ ఒక్క లారీలోకి వంచేది నేనే. మరి పొద్దంతా వేరుచేయడం దేనికి?”

క్యాంటీన్ అంతా ఘొల్లుమంది. పక్కనున్న అధికారికి ఉన్నట్టుండి ఫోనులో అత్యవసరమైన పని ఏదో తగిలింది. నా దగ్గర జవాబు లేదు. స్లైడ్లలో అసలే లేదు.

ఆ అధికారే తరువాత టీ ఇప్పిస్తూ, “జపాన్ వాళ్లకు క్రమశిక్షణ పుట్టుకతో వస్తుందండీ, మనవాళ్లకు ఎంత చెప్పినా ఇంతే” అన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జపాన్‌లో కూడా మనవాళ్లు ఏ ఇద్దరు కలిసినా ఇదే పాట. నేను చూస్తున్న జపాన్ అరటిపండును కూడా ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మే దేశం. పోగుచేసిన ప్లాస్టిక్‌లో పెద్ద భాగాన్ని కాల్చి, ఆ వేడితో కరెంటు తీసి, దాన్ని కూడా రీసైక్లింగ్ పద్దులోనే రాసుకునే దేశం. తేడా అల్లా ఒకటే: వేరుచేసింది వేరుగానే వెళ్తుందని అక్కడి కార్మికుడికి కళ్లకు కనిపిస్తుంది.

అక్కడ మా షెడ్డులో ప్రతి డబ్బా మీదా అందులోది ఎక్కడికి వెళ్తుందో, చివరికి ఏమవుతుందో రాసి ఉంటుంది. వారం వారం తూకం వేసి బోర్డు మీద రాస్తారు. మా ఫోర్‌మన్ ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు. తప్పు డబ్బాలో పడ్డ వస్తువును పొద్దుటి వ్యాయామం అయ్యాక బల్ల మీద పెట్టి, “ఇది ఏ యంత్రం దగ్గరిది?” అని మాత్రం అడిగేవాడు. ఎవరు వేశారని ఎన్నడూ అడగలేదు. యంత్రం తెలిస్తే కారణం దానంతట అదే బయటపడేది. డబ్బా మరీ దూరంగా ఉందనో, దాని మీది బొమ్మ చెరిగిపోయిందనో తేలేది.

అక్కడి చట్టం కూడా కంపెనీని అంత తేలిగ్గా వదలదు. పారిశ్రామిక వ్యర్థం గేటు దాటాక, అది చేరవలసిన చోటికి చేరిందని చెప్పే కాగితం తిరిగి రావాలి. ఇక్కడ అలాంటిది లేదనుకోకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో అచ్చం అలాంటి కాగితమే ఉంది, రంగురంగుల ప్రతులతో. వాడిన నూనెను, నూనె గుడ్డలను మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచుకోకూడదు, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పాతిపెట్టే కేంద్రం పరవాడ ఫార్మా సిటీలోనే ఉంది, మన గుమ్మం ముందే. ఇన్ని ఉండగా ఆ సాయంత్రపు లారీ ఎక్కడికి పోతోందో షెడ్డులో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

రెండో తరగతికి ఎలుగుబంటిని సెలవు మీద పంపించి కిటాక్యూషూ కథ చెప్పాను. 1901లో అక్కడ యవాతాలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారం మొదలైంది. ఆ చుట్టుపక్కల పెరిగిన ఐదు పట్టణాలను 1963లో కలిపితే కిటాక్యూషూ నగరమైంది. ఉక్కు, రేవు, బొగ్గు, రసాయనాలు. విశాఖవాడికి కొత్తగా పరిచయం చేయాల్సినదేమీ లేదు. పొగగొట్టాల్లోంచి లేచే పొగను “ఏడు రంగుల పొగ” అని ఊరు ఒకప్పుడు గొప్పగా చెప్పుకుంది. 1960లు వచ్చేసరికి అక్కడి డోకాయ్ అఖాతాన్ని జనం చచ్చిన సముద్రం అనసాగారు. ముందుగా గొంతెత్తినవాళ్లలో తొబాతా అనే పేటలోని గృహిణులు ఉన్నారు. ఆరేసిన బట్టలు మసి పట్టి లోపలికి వస్తుంటే విసిగిపోయి, మహిళా సంఘాలుగా కూడి, మసి ఎంత పడుతోందో తామే పరిశీలించి, కంపెనీలనూ నగరపాలక సంస్థనూ నిలదీశారు. వాళ్లలో చాలామంది భర్తలు అవే కర్మాగారాల్లో పనిచేసేవారు. ఆ ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర మాటలు ఎలా నడిచి ఉంటాయో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. తరువాత కంపెనీలు నగరంతో కాలుష్య నివారణ ఒప్పందాలు రాసుకున్నాయి. అఖాతం అడుగున పేరుకున్న విషపు బురదను తవ్వి తీశారు. చేపలు తిరిగి వచ్చాయి. 1997లో రీసైక్లింగ్ పరిశ్రమల కోసం ప్రత్యేక ప్రాంతానికి ఆమోదం వచ్చింది. ఇప్పుడు కాలుష్యం తగ్గించడం ఎలాగో నేర్చుకోవడానికి పరదేశాల ఇంజనీర్లు ఆ ఊరికి వస్తారు.

బట్టల సంగతి చెప్పినప్పుడు జ్ఞానాపురం వైపు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రేవులో బొగ్గు, ఖనిజం గుట్టల మీదుగా గాలి వీస్తే పాత నగరంలో ఏమవుతుందో వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మా అమ్మ ఇప్పటికీ గాలి తీరు చూసిగాని మేడ మీద బట్టలు ఆరేయదు. అయితే వాళ్లడిగిన ప్రశ్న నేను అనుకున్నది కాదు. “సార్, మరి ఆ ఆడవాళ్ల మొగుళ్ల ఉద్యోగాలు ఉన్నాయా, పోయాయా?” అన్నాడొకడు. 2021లో ఉక్కు ప్రైవేటీకరణ వార్త వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్లో ఆ ప్రశ్న ముందు, మిగతావన్నీ తరువాత. యవాతాలో ఉక్కు తయారీ ఇప్పటికీ నడుస్తోందని చెప్పాను. అప్పుడు గాని మిగతా కథ వినడానికి కుదురుగా కూర్చోలేదు.

ఆ తరువాత క్యాంటీన్ వదిలిపెట్టి షెడ్డులోకే వెళ్లాను. భోజన విరామంలో యంత్రాలన్నీ ఆగితే, కంప్రెసర్ గాలి కారే చోట్లు బుస్సుమని వినిపిస్తాయి. 7 బార్ల ఒత్తిడిలో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే దాదాపు 3 కిలోవాట్ల కరెంటు గాలిలో కలిసినట్టే. రాత్రీపగలూ లెక్కేస్తే రోజుకు 72 యూనిట్లు, అంటే ఒక సామాన్య కుటుంబానికి పది రోజులకు పైగా వచ్చే కరెంటు. ఈ లెక్క బోర్డు మీద రాస్తే అందరూ ఫోన్లు తీసి సరిచూసుకున్నారు. పదవీ విరమణకు దగ్గరపడ్డ ఫిట్టరు ఒకాయన ప్లాస్టిక్ గ్లాసులో సబ్బు నీళ్లు, చిన్న పెయింటు కుంచె పట్టుకుని నా వెంట వచ్చాడు. ఒక చోట ఆగి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకున్నాడు. నేను బిగింపు దగ్గర కుంచె పెట్టబోతే నా చెయ్యి ఆపాడు. “అక్కడ కాదు బాబూ. గొట్టమే చీలింది, కింది వైపు.” గొట్టాన్ని మెలితిప్పి కింది వైపు సబ్బు నీళ్లు పూస్తే నురగ బుడగలు బుడగలుగా పొంగింది. ఇది ఎప్పటి నుంచి తెలుసని అడిగితే, “వేసవి ముందు నుంచీ. ఎవరూ అడగలేదు” అన్నాడు. దొరికిన ప్రతి చోటా ఎర్ర చీటీ కట్టాం. షెడ్డు పెళ్లిపందిరిలా తయారైంది.

కంప్రెసర్ గాలిని ఊదే గన్ను దగ్గర మాత్రం గొడవైంది. దానితో ఒంటి మీద దుమ్ము దులుపుకోవడం ప్రమాదం, కన్ను పోవచ్చు, చర్మం లోపలికి గాలి దూరవచ్చు. కరెంటు దండగ సరేసరి. వద్దని ఇంతకుముందే నోటీసు అంటించారు, ఎవరూ మానలేదు. దగ్గరగా చూస్తే వాళ్లు దులుపుకుంటున్నది దుమ్ము కాదు. చొక్కా కాలరులోకి గన్ను పెట్టి, చెమట ఆరబెట్టుకుంటున్నారు. మే నెలలో విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్లకు వివరించనక్కరలేదు. ఆ వరుసలో ఉండవలసిన పంకాలు చెడిపోయి ఎంతకాలమైందో రిజిస్టరులో లేదు. పంకాలు బాగుచేయించాక గన్ను గురించి మళ్లీ పాఠం చెప్పవలసిన పని పడలేదు.

లోహం కోసేటప్పుడు వేడెక్కకుండా యంత్రాల్లో పోసే కూలెంటుదీ ఇలాంటి కథే. నూటికి ఐదారు పాళ్లు నూనె, మిగతాది నీరు, పాలలాగా ఉంటుంది. ఆదివారం సెలవు తరువాత సోమవారం పొద్దున యంత్రం మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు. ఆ కంపుకు భయపడి తొట్టె మొత్తం పారబోసి కొత్తది కలిపేవారు. పారబోసింది ఎటు పోయేదో నేను ఇక్కడ రాయను. కంపుకు కారణం గాలి అందని చోట పెరిగే సూక్ష్మజీవులు. యంత్రం లోంచి కారిన నూనె పైన తెరలా పేరుకుని గాలిని ఆపేస్తుంది. అందులో పడే టీ అడుగులు, గుట్కా ఉమ్ములు వాటికి మేత. శనివారం దిగే ముందు పైనున్న నూనె తెరను తీసేయడం, కూలెంటును కాసేపు తిప్పి వదలడం, నూనె పాళ్లు కొలిచి సరిచేయడం, ఇంతే పని. సోమవారం పొద్దున ముక్కు మూసుకునేది తామే గనుక ఈ పాఠం అందరికన్నా తొందరగా ఎక్కింది.

ఇవన్నీ సాఫీగా నడుస్తున్న రోజుల్లో గోపాలపట్నం వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు ఆపాడు. “సార్, గుడ్డలూ నూనే సరే. ట్యాంకుల సంగతి మాకెవరు చెబుతారు?” వాళ్ల ఇల్లు వెంకటాపురానికి దగ్గర. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడ ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదికి వచ్చింది. లాక్‌డౌన్‌లో ఆగిన కర్మాగారం, ట్యాంకులో పెరిగిన వేడి, నిద్రలో ఉన్న జనం. కనీసం 12 మంది పోయారు. నాకిచ్చిన పాఠాల్లో ట్యాంకుల ఊసు లేదు. అది భద్రతా విభాగం పని, మాది పర్యావరణం. ఆఫీసులో గోడ ఉంది, గాలికి ఉండదు కదా. ఆ వారమే గోదాములోకి తీసుకెళ్లి ఏ పీపాలో ఏముందో, ఒలికితే ఏం చేయాలో, సైరన్ మోగితే గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసి దానికి అడ్డంగా ఎలా పరుగెత్తాలో చూపించాం. పీపాల మీద అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటి పక్కన తెలుగు, ఒడియా, హిందీ చీటీలు అంటించింది ఆ కుర్రాడూ అతని స్నేహితులూనే.

ఇక లారీ. దాని గురించి నేను నివేదికలో రాశాను. షెడ్డు ఊడ్చే ఆవిడ క్యాంటీన్‌లో అడిగిందే, కొంచెం పెద్ద మాటల్లో, జపాన్ కార్యాలయం ముద్రతో. ఆవిడ అడిగితే నవ్వు వచ్చింది, నేను రాస్తే సమావేశం జరిగింది. ఆ సమావేశానికి ఆవిణ్ణి కూడా పిలవమని పట్టుబట్టాను. వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, లారీ ఏ వేళకు వస్తుందో, డ్రైవరు తూకం చీటీ ఇవ్వకుండా ఎలా వెళ్లిపోతాడో, ఎర్ర డబ్బా నిండితే పైవి ఏ డబ్బాలో కుక్కుతారో వరుసగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నూనె గుడ్డలకు తాళం వేసే పీపా వెంటనే వచ్చింది, వాటిని అనుమతి ఉన్నవాళ్లకు పంపడమూ మొదలైంది. మిగతా మూడు డబ్బాలకు వేరు వేరు ట్రిప్పులు కావాలంటే కాంట్రాక్టరు ఒప్పందం మార్చాలట. ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర మాట ఆగింది. నేను వచ్చే నెల తిరిగి వెళ్తున్నాను. ఫైలు ప్రస్తుతం కొనుగోలు విభాగంలో ఉంది.