యతగాన్ పుట్టుక వెతుక్కుంటూ ఎనిమిది నెలలు

వియన్నాలో పాతసామాన్ల సంతలో ఆ కత్తి కొన్నాను. అమ్మినాయన ధీమాగా చెప్పాడు: ఇది ఒట్టోమాన్ టర్కీ సుల్తాన్ల జానిసరీ దళంలో సైనికుడిది, అసలైన డమాస్కస్ ఉక్కు. మాది నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పక్క ఊరు. ఒకప్పుడు డమాస్కస్ కత్తుల కోసం పర్షియా వర్తకులు వచ్చి, మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దలు కొనుక్కుపోయిన చోటు. 'డమాస్కస్' అన్న మాట చెవిన పడితే నేనెలా ఊరుకుంటాను?

అది యతగాన్ అనే ఒట్టోమాన్ కాలపు కత్తి అని మాత్రం చూడగానే తెలిసింది. కిలిజ్ అనే మరో టర్కీ కత్తి అయితే పదును బయటి వంపు మీద ఉంటుంది. దీని అలుగు (కత్తి రేకు) లోపలికి వంగి కొస దగ్గర మళ్లీ లేస్తుంది, వాదర లోపలి వంపు మీదే ఉంది. నడుముపట్టీలో దోపుకునే ఆయుధం కాబట్టి పిడికీ అలుగుకీ మధ్య అడ్డుకమ్మీ లేదు. పిడి చివర ఎముకతో చేసిన రెండు 'చెవులు' విచ్చుకుని ఉన్నాయి. వేటు వేసి వెనక్కి లాగేటప్పుడు చెయ్యి జారకుండా అవే ఆపుతాయి.

టర్కీలో దెనిజ్లీ ప్రాంతంలో యతగాన్ అనే ఊరే ఉంది, ఇప్పటికీ కత్తులు చేస్తారు. పేరు కలిసింది కదా అని నెల రోజులు ఆ ఊరి చుట్టూనే వెతికాను. అక్కడే దారి తప్పాను. ఈ రకం కత్తిని అనటోలియా నుంచి బోస్నియా దాకా ఎన్నో ఊళ్లలో చేశారు. ఎక్కడిదో తేల్చాలంటే పేరును కాదు, పనితనాన్ని చూడాలి.

అలుగు మీద వెండి తీగ పొదిగిన రాత ఉంది. ఆఫీసులో నా టర్కీ స్నేహితురాలికి చూపిస్తే చదవలేకపోయింది. 1928లో వాళ్ల లిపి మారిపోయింది, తాతల రాత మనవలకు అందదు. అప్పుడు పెద్దబాపు గుర్తొచ్చారు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో అక్షరాలు దిద్దిన మనిషి. వాట్సాప్‌లో ఫోటో పంపి వీడియో కాల్ చేశాను.

"పెద్దబాపూ, ఇది తుర్కోళ్ల భాష. మీకేమన్నా తెలుస్తదా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "భాష సమజ్ కాదు గని, 'సాహిబ్' అని ఉన్నది బిడ్డా. పక్కన 'మాలిక్'. ఎవనిదో వాని పేరు రాసుకున్నడు. కింద సన్ ఉన్నది, పన్నెండు వందల ఇరవై అయిదు. హిజ్రీనా, ఫసలీనా?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. మన దగ్గర ఫసలీ ఉన్నట్టే ఒట్టోమాన్లకూ రూమీ అని లెక్కల సంవత్సరం ఉండేది, కానీ దాని వాడకం పెరిగింది 1840 నుంచి. కాబట్టి ఇది ముస్లింల చాంద్రమాన సంవత్సరం, హిజ్రీయే. 0.97తో గుణించి 622 కలిపితే 1810 వచ్చింది. జానిసరీ దళాన్ని సుల్తాన్ రెండో మహ్మూద్ రద్దు చేసింది 1826లో. అమ్మినాయన మాట నిజమేనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కానీ మూడో అంకె ఎందుకో వంకరగా అనిపిస్తూనే ఉంది. గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చి వెలుగును అలుగు మీదుగా ఏటవాలుగా పారించాను. 'రెండు' కింద ఖాళీ గాడి కనిపించింది. అక్కడి వెండి తీగ ఎప్పుడో ఊడిపోయింది. ఆ గాడిని కలుపుకుంటే అది రెండు కాదు, నాలుగు. ఉర్దూలో నాలుగు వేరేలా రాస్తారు కనుక పెద్దబాపుకు తట్టలేదు. 1245 అంటే 1829–30. జానిసరీలు పోయిన మూడేళ్లకు పుట్టిన కత్తి.

ఉక్కు డమాస్కస్‌దో కాదో తేల్చడానికి, గీతలు పైకి తేలేలా ఒకాయన యాసిడ్ పూయమన్నాడు. రెండు వందల ఏళ్ల వస్తువు మీద యాసిడ్ పొయ్యడానికి నాకు మనసొప్పలేదు, ఎవరూ పొయ్యకూడదు కూడా. పాత ఆయుధాలు బాగుచేసే ఒకావిడ భూతద్దంతో అంగుళం అంగుళం చూసింది. మూసల్లో కరిగించిన ఉక్కులో కనిపించే నీటి అలల గీతలు ఎక్కడా లేవు. మామూలు ఉక్కే. కోనసముద్రంతో దీనికి చుట్టరికం లేదని తెలిసినప్పుడు నిజంగా బాధపడ్డాను.

ఆవిడే అలుగు వీపు మీద వేలు పెట్టి చూపించింది. పశ్చిమ అనటోలియాలో జైబెక్‌లనే స్థానిక యోధుల యతగాన్లకు అక్కడ ఇంగ్లీషు 'టీ' అక్షరంలా అంచు ఉంటుంది. దీనిది చదును. పిడి నుంచి అలుగు మీదికి పాకిన వెండి రేకు చెక్కడం బాల్కన్ పని. ఒర కూడా బాల్కన్‌దే: సాగగొట్టిన వెండి రేకు, కొసన సముద్రమృగం తల. కానీ కత్తిని అందులో పెడితే కొసన రెండు వేళ్ల చోటు మిగులుతోంది. అంటే ఆ ఒర వేరే కత్తికి పుట్టింది.

ఇంటికొచ్చి చిన్న అట్టముక్క మీద రాశాను: 'యతగాన్. బాల్కన్ పనితనం. హిజ్రీ 1245. ఒర వేరే కత్తిది.' పెద్దబాపుకు ఫోన్ చేసి చెబితే ముందు మూడో అంకె మళ్లీ చూపించమన్నారు. కాగితం మీద ఆ నాలుగును రెండుసార్లు రాసి చూసుకుని, "ఇట్లనా వాళ్ల నాలుగు" అన్నారు. అట్టముక్క మీద తేదీ పక్కన నేనూ దాన్ని అలాగే దిద్దాను.