మేడారం తొవ్వలో వాష్టి బన్యన్ పాటలు

ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి మళ్లీ కారెక్కగానే ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ పెట్టాను. పక్కన మా పెద్దబాపు. జాతర ఏడాది కాదు కాబట్టి రోడ్డంతా ఖాళీ. ఆయన చిన్నప్పుడు ఎడ్లబండి మీద మేడారం పోయిన తొవ్వ ఇది. ఈ ఆల్బమ్ ఆయనకు ఇక్కడే వినిపించాలని నాకెన్నాళ్ల నుంచో కోరిక.

ఎందుకంటే ఈ పాటలు చాలావరకు బండి మీద పుట్టినవి. 1968లో వాష్టి బన్యన్ అనే ఇంగ్లండు అమ్మాయి, తన స్నేహితుడితో కలిసి గుర్రబ్బండి కట్టుకుని లండన్ నుంచి స్కాట్లాండులోని స్కై ద్వీపానికి బయల్దేరింది. అంతకు మూడేళ్ల ముందు రోలింగ్ స్టోన్స్ బ్యాండు వాళ్లు రాసిన పాటతో రికార్డు చేసినా పేరు రాలేదు. దారి పొడవునా కట్టుకున్న పాటలను 1969 చివర్లో సంగీత నిర్మాత జో బాయిడ్ రికార్డు చేయించాడు. 1970లో విడుదలైతే అడిగినవాళ్లు లేరు. ఆమె పాడటమే మానేసింది. 2000లో ఆల్బమ్ మళ్లీ వచ్చాకే లోకం చెవి పెట్టింది. రెండో ఆల్బమ్ 2005లో! మధ్యలో పోయిన ఆ ముప్పై అయిదేళ్లు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మొదటి పాట రెండు నిమిషాలు కూడా ఉండదు. గడ్డి, గుర్రాలు, చేను పని, అంతే. గొంతు చెవి దగ్గర మాట్లాడినంత మెల్లగా ఉంటుంది. ‘లిలీ పాండ్’ పాటకైతే మన పిల్లలు బడిలో పాడే ‘ట్వింకిల్ ట్వింకిల్’ బాణీయే. అందుకే వీటిని పసిపిల్లల పాటలని తీసిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. చలిలో, వానలో, రేపటి సంగతి తెలియకుండా నడిచే మనిషి తనకు తాను ధైర్యం చెప్పుకుంటే ఇలాగే పాడుకుంటుంది. కొన్ని పాటలకు రాబర్ట్ కిర్బీ కూర్చిన తీగవాద్యాలు కూడా ఆ గొంతును ఎక్కడా దాటిపోవు.

పస్రా దగ్గర హైవే దిగాం. బెస్ అని గుర్రాన్ని పేరు పెట్టి పిలిచే పాట వచ్చింది. సంగతి చెప్పాను. పెద్దబాపు పాట అర్థం అడగలేదు.

“రాత్రిపూట గుర్రానికి మేత యాడ దొరికిందట వాళ్లకు?” అన్నాడు.

ఇక తన బండి సంగతి ఎత్తుకున్నాడు. ఎక్కడ బండ్లు ఇడిసేటోళ్లు, ఏ వాగు కాడ ఎడ్లకు నీళ్లు తాపేటోళ్లు, ఎద్దు కాలు నొస్తే పెద్దలంతా దిగి ఎట్లా నడిచిన్రు... పాట నడుస్తూనే ఉంది, నేను ఆపలేదు.

జంపన్న వాగులో కాళ్లు కడుక్కుని, గద్దెల కాడ బెల్లం పెట్టి మొక్కుకున్నాం. రద్దీ లేదు, దర్శనం తొందరగానే అయింది. తిరుగు దారిలో మళ్లీ గుర్రం పాటే అడిగాడు.

“జర మెల్లగ పోనీ బిడ్డా. మల్ల ఆ పిల్ల పాడుడే బంద్ జేసిందా?”

లేదు, 2014లో ‘హార్ట్‌లీప్’ అని మూడో ఆల్బమ్ కూడా చేసిందని చెప్పాను.

“అయితే అది గూడ పెట్టు” అన్నాడు.